గోడకెక్కే చెమ్మ, రాలిపోయే గార

ధర్మపురిలో వానలు మరీ ఎక్కువేమీ కావు. ఏడాదికి 900 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా, ఎక్కువగా నైరుతి, ఈశాన్య రుతుపవనాల్లో కురుస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా చినుకు రాలడమే అరుదు. అయినా ఊరి పాత వీధుల్లో గోడలు నడుం ఎత్తు దాకా పెచ్చులూడి, లోపలి ఇటుక బయటపడి, దాని మీద తెల్లటి ఉప్పు పొడి పట్టి కనిపిస్తాయి. ఇంత పొడి ఊళ్లో గోడలకు ఇంత చేటు ఎందుకంటే, జవాబు ఆ పొడిదనంలోనే ఉంది. ఏడాది పొడుగునా తడిగా ఉండే చోట గోడకు నాచు, బూజు పడతాయి. తడిసి, ఎండి, మళ్లీ తడిసే చోట గోడను ఉప్పు తినేస్తుంది. ధర్మపురి నుంచి కృష్ణగిరి, హోసూరు మీదుగా కుప్పం దాకా పరుచుకున్న మెట్ట నేలంతటా, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న పాత ఇళ్లతో సహా, పరిస్థితి ఇదే.

గోడ నీటిని తాగే తీరు

ఈ ప్రాంతపు పాత ఇంటికి పునాది నల్లరాయిది. రాళ్ల మధ్య మట్టి అడుసు నింపి, దాని మీద అడుగున్నర మందాన గోడ లేపేవారు. గోడ కాల్చిన ఇటుకది కావచ్చు, పచ్చి ఇటుకది కావచ్చు, వరుసలు వరుసలుగా వేసిన మట్టిదీ కావచ్చు. రెండు వైపులా సున్నపు గార పూసి, పైన వెల్ల వేసేవారు. కప్పు నాటు పెంకులదో, మంగళూరు పెంకులదో ఉండేది. కలిగినవారైతే మద్రాసు టెర్రస్ అనే మిద్దె వేయించుకునేవారు. చెమ్మ పైకెక్కకుండా పునాదికీ గోడకీ మధ్య ఇప్పుడు మేస్త్రీలు వేసే డీపీసీ పొర ఆనాటి ఇళ్లలో లేదు.

నల్లరాయి తనంతట తాను నీటిని పెద్దగా పీల్చుకోదు. రాళ్ల సందుల్లోని అడుసు పీల్చుకుంటుంది. దీపపు వత్తి నూనెను పైకి లాక్కున్నట్టే, అడుసులోనూ ఇటుకలోనూ ఉన్న సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీన్ని కేశనాళికీయత అంటారు. రంధ్రం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు పోతుందని జేమ్స్ జ్యూరిన్ అనే ఆంగ్ల వైద్యుడు 1718లో చూపించాడు. రంధ్రం వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కగలదు. నూరో వంతు ఉంటే ఒకటిన్నర మీటర్లు, వెయ్యో వంతు ఉంటే దాదాపు 15 మీటర్లు. ఇటుకలో ఈ మూడు రకాల రంధ్రాలూ ఉంటాయి.

లెక్క ప్రకారం చెమ్మ ఇంటి కప్పు దాకా ఎక్కాలి. చాలా ఇళ్లలో మీటరు, మీటరున్నర దగ్గరే ఆగిపోతుంది. ఎక్కుతున్న నీరు దారిలోనే గోడ రెండు ముఖాల నుంచీ ఆవిరైపోతూ ఉండడమే కారణం. కింది నుంచి వచ్చే నీరూ, పక్కల నుంచి పోయే ఆవిరీ సరిసమానమయ్యే చోట చెమ్మ గీత నిలుస్తుంది. ఈ లెక్కలో నుంచి ఇంటివారికి అన్నిటికంటే పనికొచ్చే సూత్రం ఒకటి బయటపడుతుంది: ఆవిరయ్యే వేగం నాలుగో వంతుకు పడిపోతే, చెమ్మ ఎక్కే ఎత్తు రెట్టింపవుతుంది. గోడ ముఖాన్ని సిమెంటుతోనో, నూనె రంగుతోనో, పలకలతోనో మూసేస్తే జరిగేది సరిగ్గా ఇదే. వరండా గోడకు నడుం ఎత్తు దాకా పలకలు అంటించి చెమ్మ పీడ విరగడైందనుకున్న ఇళ్లలో, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పలకల పై అంచుకు జానెడు ఎత్తున కొత్త మరక తేలుతుంది. చెమ్మ పోలేదు, తనకు మిగిలిన దారి వెతుక్కుంది.

ఉప్పు చేసే పని

నేల నుంచి ఎక్కే నీరు ఉత్త నీరు కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో గట్టి రాతి పొరల నుంచి తోడే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని పేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బావులు, బోర్లు ఎన్నో ఉండబట్టే కావేరి నీటిని ఇళ్లకు చేర్చే హొగెనక్కల్ పథకం వచ్చింది, 2013లో ప్రారంభమైంది. పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఆ ఫ్లోరైడ్‌కు గోడ చెడడంలో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. గోడను చెరిచేవి అదే నీటిలో ఉండే క్లోరైడ్లు, సల్ఫేట్లు, నైట్రేట్లు. లీటరు నీటిలో ఒక గ్రాము లవణం ఉండి, గోడలోంచి రోజుకు ఒక్క లీటరు ఆవిరైనా ఏడాది తిరిగేసరికి ఆ గోడలో 365 గ్రాముల ఉప్పు చేరుతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాదు.

నైట్రేట్ల సంగతి వేరే చెప్పుకోవాలి. పశువుల కొట్టం ఆనుకుని ఉన్న గోడలు, పాత మరుగుదొడ్డి పక్క గోడలు అన్నిటికంటే ముందు పాడవుతాయి. పేడ, మూత్రం నేలలో మురిగినప్పుడు సూక్ష్మజీవులు వాటిని నైట్రేట్లుగా మారుస్తాయి. తుపాకి మందు కోసం ఒకప్పుడు సురేకారం తీసింది ఇలాంటి మట్టిలోంచే. కొట్టం తీసేసి యాభై ఏళ్లయినా ఆ లవణం నేలలోనూ గోడలోనూ ఉండిపోతుంది. పశువులు కట్టిన ఆనవాలు కూడా లేని గదిలో ఒక్క గోడే ఎందుకు పొడిపొడిగా రాలుతోందో తెలియక తికమకపడేవారికి, ఆ స్థలంలో వెనకటికి ఏముండేదో ఇంట్లో పెద్దలను అడగడం మంచి పరీక్ష.

గోడ ముఖం మీద తెల్లగా పొంగే ఉప్పు చూడ్డానికి అసహ్యంగా ఉన్నా పెద్దగా హాని చేయదు, చీపురుతో ఊడిస్తే పోతుంది. ముఖానికి కొన్ని మిల్లీమీటర్ల లోపల, గార వెనక, గట్టిపడే ఉప్పే ప్రమాదం. రంధ్రంలో స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న గోడల మీద కలిగించే ఒత్తిడిని గారా, మెత్తని ఇటుకా తట్టుకోలేవు. సోడియం సల్ఫేట్ ఇందులో అన్నిటికంటే ముందుంటుంది. అది 32.4 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఒక్కో అణువుకు పది నీటి అణువులను కలుపుకుని స్ఫటికమవుతుంది, అప్పుడు దాని పరిమాణం మూడు రెట్లు దాటుతుంది. ధర్మపురిలో ఎన్నో నెలల పాటు మధ్యాహ్నపు వేడి ఆ హద్దు దాటి, రాత్రికి మళ్లీ దాని కిందికి దిగుతుంది. చెమ్మ అందే ఎండ ముఖపు గోడలో ఆ లవణానికి ఊరట ఉండదు.

మామూలు ఉప్పుకు మరో గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోంచే నీటిని లాక్కుని కరుగుతుంది. తేమ తగ్గగానే మళ్లీ గట్టిపడుతుంది. వాన పడకముందే, మబ్బు పట్టిన రోజునే గోడ మీద తడి మరక తేలడానికి కారణం ఇదే. ఎక్కడా నీరు కారకపోయినా ఉప్పు పట్టిన గోడ ఏడాదిలో ఎన్నోసార్లు తడిసి ఆరుతుంది, తడిసిన ప్రతిసారీ కొంత గార వదులవుతుంది. అందుకే నీటి మూలం ఆపిన తర్వాత కూడా ఉప్పును గోడలోంచి తీయాల్సి వస్తుంది. ఎంత మంచి మరమ్మతైనా ఈ రెండో పని మరిచిపోయిన చోటే విఫలమవుతుంది.

కింది నుంచి పైకి చూస్తే చెమ్మ గోడలో ఉప్పు పొరలు పొరలుగా సర్దుకుని ఉంటుంది. నీటిలో అంతగా కరగని జిప్సమ్ లాంటివి కింద ఆగిపోతాయి, సులువుగా కరిగే క్లోరైడ్లు, నైట్రేట్లు చెమ్మ గీత దాకా పోతాయి. గార తీసేటప్పుడు మరక ఉన్నంత మేరే తీస్తే చాలదనడానికి ఆధారం ఇదే. ఉప్పు ఎక్కువగా ఉండేది మరక పై అంచులో.

సున్నం, సిమెంటు

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. వంద కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోలు. దాన్ని నీళ్లలో వేస్తే సలసల కాగి తడి సున్నం అవుతుంది. గోడకు పూసిన తర్వాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. ఈ మార్పుకు వారాలు, నెలలు పడతాయి, దానికి కొంచెం తేమ కూడా కావాలి. ఇటుక పొడి కలిపితే తడిలోనూ గట్టిపడే గుణం వస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 712 కట్టుబడి సున్నాన్ని ఏ నుంచి ఎఫ్ దాకా తరగతులుగా విడదీసింది. మెట్ట నేలల్లో గడ్డలు గడ్డలుగా దొరికే సున్నపు రాళ్లను కాల్చి తీసేది అందులో ‘ఈ’ (E) తరగతి.

ఈ సున్నంలో ఇసుక కలిపి ఎద్దు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నూరేవారు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. అవి గారను మెత్తగా సాగేలా చేస్తాయి, తొందరగా ఆరి పగలకుండా కాస్తాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మలు నిలిచింది సున్నపు పూత మీదే. 1591 నాటి చార్మినార్ అలంకారాలూ సున్నపు గారతో చేసినవే. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గార ముక్క ఊడిపడినప్పుడు దాన్ని సరిచేయడానికీ సున్నాన్నే వాడారు.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో దాని తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులోనే జరిగింది, నిలదొక్కుకున్నది మాత్రం 1914లో పోర్‌బందర్‌లో. కాంక్రీటుకు దానికి సాటి లేదు. పాత గోడకు మాత్రం అది పనికిరాదు. సిమెంటు గార బిరుసు. లోపలి మట్టి, సున్నపు గోడ వేడికీ చలికీ కొంచెం సాగి ముడుచుకుంటుంటే పైపొర కదలక పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి వాన నీరు లోపలికి పోతుంది, బయటికి రాలేదు. సిమెంటులోనే నీటిలో కరిగే క్షారాలు ఉంటాయి కాబట్టి గోడకు కొత్త ఉప్పు కూడా చేరుతుంది. చివరికి బిరుసు పొర పలకలా ఊడిపడేటప్పుడు వెనకున్న ఇటుక ముఖాన్ని కూడా పెళ్లగించుకుని పోతుంది. సున్నపు గార పాడైతే గారే పోతుంది, గోడ మిగులుతుంది. పాత ఇంటి విషయంలో ఇది చిన్న తేడా కాదు. గారను మళ్లీ పూయవచ్చు, వందేళ్ల నాటి ఇటుకను మళ్లీ తేలేము.

చెమ్మ ఎక్కడిదో తేల్చడం

తాపీ చేతపట్టకముందు చేయాల్సిన పని చూడటం. నేల నుంచి ఎక్కే చెమ్మ అడుగు నుంచి మొదలై దాదాపు సమానమైన ఎత్తులో గీతలా ఆగుతుంది, ఉప్పును వెంట తెస్తుంది. వాన జల్లు వల్ల వచ్చేది కిటికీ కిందా, పిట్టగోడ కిందా, గాలివాన కొట్టే వైపూ ఉంటుంది. వాన వెలిసిన రెండు మూడు రోజులకు పలచబడుతుంది. మిద్దె కారితే కప్పుకు గుండ్రని మరక, దాని అంచున గోధుమ రంగు చార. గోడలో దాచిన నీళ్ల పైపు కారుతుంటే మరక ఎండాకాలంలోనూ తగ్గదు. చల్లని గోడ మీద గదిలోని ఆవిరి పట్టడం ఇక్కడ వంటింట్లో, స్నానాల గదిలో తప్ప అరుదు.

అనుమానం ఉంటే గోడ మీద మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించి రెండు రోజులు వదిలేయాలి. నీటి బొట్లు కాగితం వెనక పడితే చెమ్మ గోడ లోపలిది, ముందు పడితే గది గాలిది. చెమ్మ గీతను పెన్సిలుతో గీసి పక్కన తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక వేసవి దాటేదాకా చూడడం ఇంకా మంచిది. చేతిలో పట్టుకుని గోడకు గుచ్చే తేమ మీటర్లను ఉప్పు గోడల దగ్గర నమ్మకూడదు. అవి కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పోతుందో మాత్రమే, ఉప్పు కొంచెం తేమలోనే దాన్ని పోనిస్తుంది. ఆరిన గోడను కూడా తడి అని చూపి, అక్కరలేని మందులు కొనిపిస్తాయి. గార ఎక్కడ వదిలిందో తేల్చడానికి మేస్త్రీ వేలి కణుపే చాలు. గట్టిగా ఉన్న చోట టక్కుమంటుంది, వదిలిన చోట డొల్ల మోత వినిపిస్తుంది.

ముందు నీరు, తర్వాత గార

పాత వీధుల్లో చెమ్మకు తొలి కారణం తరచు ఇంట్లో ఉండదు, వీధిలో ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమమో, దిగువో అవుతుంది. పునాది రాయి మట్టిలో కలిసి, ఇటుక గోడే నేలను తాకుతుంది. పాత పొరను చెక్కి తీసిన తర్వాతే కొత్త రోడ్డు వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో ఆదేశించింది. ఈ ఆదేశం పాత ఇళ్లకు ఏ జలనిరోధక మందుకంటే కూడా ఎక్కువ మేలు చేయగలదు. తమ వీధిలో అది అమలయ్యేలా అడిగే హక్కు ఇంటివారికి ఉంది.

ఇంటి ఆవరణలో చేయగలిగింది ఇంకా చాలా ఉంది. గోడకు ఆనుకుని పేరుకున్న మట్టిని కనీసం జానెడు లోతు తీసేసి, పునాది రాయి మళ్లీ గాలి చూసేలా చేయాలి. గోడ వెంట అడుగు వెడల్పున కందకం తవ్వి కంకర నింపి, నీటిని వాలుగా దూరంగా పంపాలి. చాలామంది గోడ మొదట్లో సిమెంటు గచ్చు పోసేస్తారు. వాన నీరు జారిపోవడానికి అది బాగానే ఉంటుంది గాని, నేలలోని తేమకు గోడ తప్ప వేరే దారి లేకుండా చేస్తుంది. గచ్చు కావాలంటే గోడకూ దానికీ మధ్య కంకర పట్టీ వదలాలి. గోడ పక్క పూలమొక్కలకు రోజూ నీళ్లు పోసే అలవాటు, కారే కుళాయి, పగిలిన మురుగు కాలువ — ఇవన్నీ గోడకు నీరు పెట్టడమే.

పైకప్పు మద్రాసు టెర్రస్ అయితే దాని కట్టుబడి తెలియాలి. టేకు దూలాల మీద 15 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న చిన్న ఇటుకలను ఏటవాలుగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో అతికిస్తారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన దిమ్మను పరిచి, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. పైన పలచని పలకలు పరుస్తారు. ఈ మిద్దె కారితే పైన కాంక్రీటు పోయడం మొదటి తప్పు. బరువు దూలాల మీద పడుతుంది, లోపలికి చేరిన తడి పైకి ఆరలేక దూలపు కొనలను గోడలోనే కుళ్లబెడుతుంది. పిట్టగోడ మొదట్లోని పగుళ్లు, తూము చుట్టూ వదిలిన అతుకులు, సందుల్లో మొలిచిన రావి మొక్క వేళ్లు ముందుగా చూడాల్సినవి. రావి మొక్కను పీకితే వేరు లోపలే తెగి మళ్లీ మొలుస్తుంది. సందు విప్పి వేరును పూర్తిగా తీసి సున్నంతో మూయాలి.

గోడలో రంధ్రాలు వేసి మందు ఎక్కించి చెమ్మను ఆపే పద్ధతి ఒకటుంది. ఒకే తీరు ఇటుక గోడలో, మందు పొరంతా కలిసేలా నేర్పుగా చేస్తే అది పనిచేస్తుంది. రాయీ అడుసూ కలిసిన గోడలో మందు ఖాళీల్లోకి కారిపోతుంది. పాత ధర్మపురి ఇళ్లలో దాని మీద డబ్బు పెట్టకపోవడమే మేలు.

నీటి దారులు మూసిన తర్వాత చెడిన గారను చెమ్మ గీతకు ఒక మూరెడు పైదాకా తీయాలి. ఇటుక సందులను వేలి కణుపు లోతు గీకాలి. రాలిన ఉప్పును పొడి బ్రష్‌తో ఊడ్చి, గోడ మొదట్లో వదలకుండా దూరంగా పారేయాలి. నీళ్లతో కడగడం తప్పు, కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. ఉప్పు దండిగా ఉంటే తెల్ల బంకమట్టి, ఇసుక, కాగితం గుజ్జు కలిపి మెత్తని పట్టు వేసి, అది పూర్తిగా ఎండి తనంతట ఊడేదాకా ఉంచి తీసేయాలి. రెండు మూడుసార్లు మారిస్తే ముఖానికి దగ్గరున్న ఉప్పు చాలా భాగం పట్టులోకి వస్తుంది. పట్టుకైనా, గారకైనా బోరు నీళ్ల బదులు పట్టి ఉంచిన వాన నీరు వాడితే కొత్త ఉప్పు చేరదు. ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటుకు వాడే నీటిలో సల్ఫేట్లు లీటరుకు 400 మిల్లీగ్రాములు మించకూడదు. ఉప్పు పట్టిన గోడకు అంతకంటే కఠినమైన హద్దు పెట్టుకున్నా తప్పులేదు.

తర్వాత గోడ ఆరాలి. అంగుళం మందానికి నెల అన్నది పాత అంచనా. ఆ లెక్కన అడుగున్నర గోడకు ఏడాదిన్నర కావాలి. అంత ఆగలేకపోయినా జనవరి నుంచి మే దాకా గోడను తెరిచి ఉంచడం తప్పనిసరి. దీపావళికి తెల్లగా కనిపించాలని వానాకాలంలోనే పూసిన గార ఎక్కువ కాలం నిలవదు.

పూత కోసం కనీసం కొన్ని వారాలు నీళ్లలో నానిన తడి సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు. చెమ్మ పట్టే కింది భాగానికి ఇసుకలో కొంత తగ్గించి ఇటుక పొడి కలపాలి. యంత్రపు ఇసుక అయితే అందులోని దుమ్ము పోయేదాకా కడగాలి. కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసేటప్పుడు కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకూడదు. కంట్లో పడిన సున్నం చూపును శాశ్వతంగా తీసేయగలదు. గోడను ముందు కొద్దిగా తడిపి, మొదటి పొర పది పన్నెండు మిల్లీమీటర్ల మందాన కొట్టి, గీతలు గీయాలి. అది గట్టిపడి వేలిముద్ర పడనప్పుడే రెండో పొర పూయాలి. ఎండ, వేడి గాలి నేరుగా తగలకుండా తడి గోనె పట్టాలు వేలాడదీసి కనీసం వారం రోజులు చెమ్మగా ఉంచాలి. సున్నం ఎండిపోతే రాయిగా మారదు, పొడిగా మిగిలిపోతుంది.

పైన వేయాల్సింది వెల్లే. పలచగా, ఒకదాని మీద ఒకటి నాలుగైదు పూతలు. రంగు కావాలంటే సున్నానికి తట్టుకునే మట్టి రంగులు కలుపుకోవచ్చు. ఎమల్షన్, ఎనామిల్, జలనిరోధక రంగు ఏదైనా ఇంత పనినీ వృథా చేస్తుంది. నేలకు దగ్గరున్న మూరెడు గార కొన్నేళ్లకు మళ్లీ ఉప్పు పట్టి రాలవచ్చు. లోపల మిగిలిన ఉప్పు బయటికి వస్తోందని, గోడ ఆరుతోందని దానర్థం. ఆ పట్టీ వరకు గీకి, అదే సున్నం, అదే ఇసుకతో మళ్లీ పూస్తే సరిపోతుంది. ఒకసారి ఈ పని నేర్చిన మేస్త్రీకి అది ఒక పూట పని.